సినిమా ఉంది సరే, ఎంతుంది?

పాత సినిమాల మాట ఎత్తితే చాలు, ఈమధ్య అందరూ అడిగేది ఒకటే. "ఫోర్‌కేలో పెట్టారు, చూశారా?" చూశాను. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. గీతల్లేవు, మచ్చల్లేవు, కిరీటంలో రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. కాకపోతే ఆ పౌరాణికం రెండో సగంలో రావలసిన పద్యాలు రెండు రాలేదు. హాస్యం ఘట్టం ఒకటి మొదలైంది గానీ, ముగియకుండానే కథ దర్బారులోకి వెళ్లిపోయింది.

ఇది మా బాబాయిగారు పట్టుకున్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన తీర్థాల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. సంక్రాంతికి మా ఇంటికి వస్తే, కొత్త టీవీ ఉంది కదా అని ఆ సినిమా పెట్టాను. ఆయన కూర్చున్నదే ఆ పద్యం కోసం. పద్యం రావలసిన చోట రథం వచ్చింది. "ఏదమ్మా పద్యం?" అని నా వైపు చూశారు, నేనే తీసి వంటింట్లో దాచినట్టు. సినిమా పేరు చెప్పను. చెబితే ఎవరు పెట్టారో చెప్పినట్టే అవుతుంది, నా గొడవ ఏ ఒక్కరితోనో కాదు.

ఆ పద్యాలు రెండూ మా బీరువాలోనే దొరికాయి. 1980ల చివర్లో దూరదర్శన్‌లో వేసినప్పుడు మేం రికార్డు చేసుకున్న వీహెచ్‌ఎస్ క్యాసెట్ అది. బొమ్మ వణుకుతుంది, అడుగున ఎప్పుడూ ఒక తెల్ల చార పాకుతూ ఉంటుంది, మధ్యలో వార్తలొస్తాయి. కొత్త టీవీలో వేస్తే మొహాలు పోల్చుకోవడమే కష్టం. కానీ పద్యాలున్నాయి, హాస్యం ఘట్టం చివరిదాకా ఉంది.

అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను. ఇంట్లో పాత సినిమాలు దాచుకునేవాళ్లకు శుభ్రమైన కాపీ కన్నా నిండు కాపీ ముఖ్యం అని నా వాదన. ఏది నిండో ఏది వెలితో తెలియాలంటే కొలవాలి, కొలిచింది రాసుకోవాలి. మనలో చాలామందిమి పోగుచేయడం దగ్గరే ఆగిపోతున్నాం.

రేవు దాటి వచ్చిన క్యాసెట్లు

మాది రాజోలు పక్క పల్లె. వీడియో మా వైపు ఎలా వచ్చిందో మా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పెళ్లికో పేరంటానికో కలర్ టీవీ, క్యాసెట్లు తిప్పే వీసీపీ అద్దెకు తేవడం, అరుగు మీద పెట్టి తెల్లవార్లూ సినిమాలు వేయడం. మా సొంత వీసీఆర్ మస్కట్ నుంచి వచ్చింది, మా ఆడపడుచు భర్త తెచ్చారు. క్యాసెట్ల కోసం సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం వెళ్లేవాళ్లం. మా ఆయనకు సాంఘికాలు కావాలి, నాకు జానపదాలు కావాలి. పంటు అవతలి ఒడ్డు చేరేలోపు ఏది ముందు చూడాలన్న తగాదా తేలేది కాదు.

ఆ క్యాసెట్ల మీద ఈ-180 అని ఉండేది, అంటే 180 నిమిషాలు పడుతుందని. మన పాత సినిమాలు అక్కడ ఆగితే కదా. 1963 లవకుశ దాదాపు మూడున్నర గంటలు. 1977 దాన వీర శూర కర్ణ నాలుగు గంటలకు దగ్గర. రెండో క్యాసెట్ ఇస్తే రెండో అద్దె ఎవరూ ఇవ్వరు కాబట్టి, షాపువాళ్లు దేన్నయినా ఒకే క్యాసెట్లో పట్టించేవాళ్లు. ఎలా పట్టిందని మనమూ అడగలేదు. ఒక షాపులో కూర్చునే కుర్రాడు మాత్రం డబ్బా మీద స్కెచ్ పెన్నుతో "పాటలు తక్కువ" అనో, "లాస్ట్ ఫైటింగ్ లేదు" అనో రాసి ఇచ్చేవాడు. సినిమాలకు నేను చూసిన మొట్టమొదటి కేటలాగు అదే. అంత నిజాయితీ గల కేటలాగు మళ్లీ చూడలేదు.

తర్వాత వీసీడీలు. ఒక్కో డిస్కులో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది. మూడు గంటల సినిమాకు మూడు డిస్కులు కావాలి, కానీ రెండు డిస్కుల డబ్బా చౌక. మిగతాది మీరే ఊహించుకోండి. 2007 ప్రాంతాల్లో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలెట్టాక మా అటక నిండిపోయింది. సినిమాకి వెళ్లొచ్చే ఖర్చుతో సినిమానే కొనుక్కోవచ్చన్నది అప్పట్లో నమ్మలేని సంగతి. అంతర్వేది తీర్థంలో గాజుల కొట్ల పక్కన కూడా డిస్కులు పరిచి అమ్మారు. చౌకవని వాటిని చులకన చేయను. వాటిలో కొన్ని సినిమాలు తర్వాత నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఈ మధ్యలో 1996 నవంబరు 6 తుపాను ఉంది. కోనసీమలో ఆ రాత్రి గురించి రాయాలంటే అది వేరే పోస్టు. మనుషులు పోయారు, కొబ్బరి తోటలకు తోటలు పడిపోయాయి, పెంకులు లేచిపోయిన ఇళ్లలో క్యాసెట్లు ఎవరికి గుర్తు? మా వాటిలో బల్ల మీద ఉన్నవన్నీ తడిసి పాడయ్యాయి. ఇనప బీరువాలో చీరల కింద ఉన్నవి మిగిలాయి. కాబట్టి మా దగ్గర ఈనాటికీ ఉన్న రికార్డింగులు ఎవరో ఏరి దాచినవి కావు, చీరల కింద పడి బతికినవి.

పేరుకు కాదు, ప్రతికి నంబరు

నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది యాక్సెషన్ రిజిస్టరు రాయడం. ఒకే నవల మూడు ప్రతులు వస్తే మూడు నంబర్లు పడతాయి. ఎందుకంటే కొన్నాళ్లకు ఒకదానికి అట్ట పోతుంది, ఒకదాంట్లో చివరి పేజీలు పోతాయి, ఒకటి మాత్రం బాగుంటుంది. "ఆ నవల ఉందా" అంటే ఉందని చెప్పేస్తాం. చివరి పేజీలు లేని ప్రతి ఇచ్చి పంపిస్తే ఆ పాఠకుడు మర్నాడు వచ్చి ఏమంటాడో గ్రంథాలయంలో పనిచేసినవాళ్లకు తెలుసు.

సినిమాల దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఇలా చేయరు. అందరి ఇళ్లలోనూ హీరోల వరసే. ఎన్టీఆర్ ఒక అర, ఏఎన్నార్ ఒక అర. మరి 1962 గుండమ్మ కథ ఏ అరలో పెట్టాలి? మా ఇంట్లో దీని మీద నిజంగానే వాదన జరిగింది. చివరికి మా ఆయన సూర్యకాంతానికి ఒక అర ఖాళీ చేసి సమస్య తీర్చారు. చెప్పుకోవాలంటే అదే మా ఇంట్లో అన్నిటికన్నా నిండిన అర.

పేర్లతో ఇంకో చిక్కుంది. భక్త ప్రహ్లాద అంటే 1932దా, 1942దా, 1967దా? లవకుశ 1934లో ఒకటి, 1963లో ఒకటి, రెండింటి దర్శకత్వంలోనూ కాకినాడ సి. పుల్లయ్యగారి పేరుంటుంది. సంపూర్ణ రామాయణం అని 1936లో మన రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్‌లో తీశారు, 1971లో బాపు తీశారు. అందుకే నా రిజిస్టర్లో పేరు పక్కన సంవత్సరం లేకుండా ఏదీ ఎక్కదు. దాని తర్వాత అది క్యాసెట్టా, అచ్చు డిస్కా, కంప్యూటర్లో రాసిన డిస్కా, ఫైలా అన్నది, నిడివి, మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ ఉందా లేదా, టైటిల్స్ నిండుగా ఉన్నాయా, ఎక్కడ తెగింది, ఏ పాట లేదు. చివర్లో ఒక పెద్ద గడి ఖాళీగా ఉంచాను. అందులో ఎవరు ఏం చెబితే అది రాస్తాను. బాబాయిగారి లాంటివాళ్ల మాటలు అక్కడికి ఎక్కుతాయి.

మా మేనల్లుడు ఒకసారి నాలుగు టీబీల హార్డ్ డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అత్తా, తెలుగు సినిమా పుట్టినప్పటి నుంచీ అన్నీ ఇందులో ఉన్నాయి, ఇక నీ అటక ఖాళీ చెయ్" అన్నాడు. సంతోషంగానే తెరిచాను. ఒకే సినిమా మూడు పేర్లతో ఉంది, ఆ మూడింటికీ మూడు నిడివులు. ఒక ఫైల్లో ఇంటర్వెల్ తర్వాత ఒక రీలు వెనకది ముందు, ముందుది వెనక. 1942 అని పేరు పెట్టిన భక్త ప్రహ్లాద తెరిస్తే రంగుల్లో 1967ది వచ్చింది. వాడు "అయితే ఏంటి, ఉన్నాయి కదా" అన్నాడు. ఉన్నాయి. అంత పెద్ద డిస్కులో నాకు పనికొచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి, అవేవో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

మీటర్లు, నిమిషాలు, హార్మోనియం మెట్లు

నిండు కాపీ అని ఎలా తెలుస్తుంది? అదృష్టం బాగుంటే సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కనబడుతుంది. ఆపి చూస్తే అందులో పొడవు, రీళ్ల సంఖ్య ఉంటాయి. పాతవాటిలో అడుగులు, తర్వాతవాటిలో మీటర్లు. 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిస్తే నిమిషానికి 90 అడుగులు కదులుతుంది, అంటే దాదాపు 27.4 మీటర్లు. సర్టిఫికెట్‌లో 5,000 మీటర్లని ఉంటే సినిమా 182 నిమిషాలుండాలి. మీ డిస్కు 150 నిమిషాలకే అయిపోతే అరగంట ఎక్కడో పోయింది.

అయితే తొందరపడి తిట్టకూడదు. మన టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాను అలాగే 25 చొప్పున తిప్పేస్తే నాలుగు శాతం ముందుగా అయిపోతుంది. ఆ 182 నిమిషాల సినిమా 175కే ముగుస్తుంది, ఒక్క ఫ్రేము కూడా కోయకుండానే. ఏడు నిమిషాలు పోయాయని గుండెలు బాదుకునే ముందు ఇది చూసుకోవాలి. ఫైలు అయితే వీఎల్‌సీ ప్లేయర్లో వేసి సమాచారం చూస్తే నిడివీ, ఫ్రేమ్ రేటూ రెండూ కనబడతాయి. అమెరికా వాళ్ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో వేసిన డిస్కుల్లో ఈ తొందర ఉండదు, అవి అసలు నిడివికి దగ్గరగా నడుస్తాయి.

ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపిస్తే బాబాయిగారు నవ్వారు. ఆ సంగతి ఆయనకు ఎప్పుడో తెలుసట, కారణం తెలియదంతే. టీవీలో వచ్చిన పాటతో పాటు హార్మోనియం వాయించబోతే కుదిరేది కాదట. గ్రామఫోను రికార్డులో ఒకటి శ్రుతిలో ఉన్న పాట టీవీలో ఒకటిన్నరకు దగ్గరగా పోయేది, అలాగని ఒకటిన్నర మెట్టుకూ అందేది కాదు, రెండు మెట్ల మధ్య ఎక్కడో నిలబడేది. "మా పెట్టెలో రీడ్లు పాడయ్యాయనుకుని బాగుచేయించాను కూడా" అన్నారు. నాలుగు శాతం వేగానికి శ్రుతి ఒక మెట్టులో రెండొంతులకు పైగా పెరుగుతుంది. ఘంటసాల గొంతు మనలో చాలామందిమి టీవీ ముందు పెరిగినన్నాళ్లూ కాస్త పైశ్రుతిలోనే విన్నామన్నమాట.

నిడివి సరిపోయినా ఇంకో కోత మిగిలే ఉంది. పాత సినిమాల తెర దాదాపు చదరంగా ఉంటుంది, ఇప్పటి టీవీ వెడల్పు. పక్కన నల్ల పట్టీలు వస్తే జనం ఒప్పుకోరని పైనా కిందా కోసి తెర నింపుతున్నారు. అలా చేస్తే బొమ్మలో పావు వంతు పోతుంది. నాట్యం చేసే మనిషికి పాదాలు పోతాయి. 1974లో అల్లూరి సీతారామరాజుతో మనకు వెడల్పు తెర సినిమాస్కోప్ వచ్చాక కథ తిరగబడింది. పాత చదరపు టీవీల కోసం అలాంటి సినిమాలకు పక్కలు కోశారు, ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు మాత్రమే కనబడేది. అందుకని రిజిస్టర్లో "కోత: పైనా కిందా" అనో "పక్కలు" అనో కూడా రాస్తున్నాను. ఇది మరీ చాదస్తం అనిపిస్తే ఈ గడి వదిలేయండి, నిడివి గడి మాత్రం వదలొద్దు.

నిండు అంటే ఎవరి లెక్క?

ఇక్కడ నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. అసలు నిండు సినిమా అనేది ఎప్పుడైనా ఒకటే ఉందా? విడుదలయ్యాక నిడివి ఎక్కువైందని తగ్గించిన సినిమాలు ఎన్నో. టూరింగ్ టాకీసుల్లో రెండో ఆట ఆలస్యమైతే ఆపరేటరు పాటొకటి ఎగరగొట్టేవాడు. పల్లెలకు వచ్చేసరికి ప్రింటు అరిగి, అతికి, ముక్కలు పోయి ఉండేది. మొదటి రోజు కాకినాడలో చూసినవాళ్లదీ, ఏడాది తర్వాత లంకల్లో చూసినవాళ్లదీ ఒకే సినిమా కాకపోవచ్చు. "అందులో ఆ పాట ఉండేది" అని ఒకరు, "లేనే లేదు" అని ఇంకొకరు కొట్టుకుంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సర్టిఫికెట్ పొడవును గీటురాయిగా పెట్టుకున్నాను, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి.

ఇంకో పక్క నుంచి చూస్తే, శుభ్రమైన కాపీలు తయారుచేసేవాళ్లను అంత తేలిగ్గా నిందించడానికీ లేదు. వాళ్లకు నెగెటివ్‌లో ఏది మిగిలితే అదే. 1950ల మొదటి దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము నిప్పంటుకుంటే ఆరదు. తర్వాత వచ్చిన ఎసిటేట్ పాడైతే పుల్లటి వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. ఆ పద్యాలున్న రీలు అలా పోయిందేమో ఎవరికి తెలుసు? మనవాళ్ల తొలి టాకీలు, 1931 కాళిదాసు, 1932 భక్త ప్రహ్లాద, ఇవాళ చూద్దామన్నా లేవు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే తెలుగు టాకీకి ముప్పయ్యేళ్లు దాటాయి. అదే పుణెలో 2003లో జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేట్ రీళ్లు ఎన్నో కాలిపోయాయి.

మెరుగుపెట్టిన కాపీలు చేసిన మేలూ ఉంది. 2010లో మాయాబజార్ రంగుల్లో వచ్చినప్పుడు నేను మొహం ముడుచుకున్నదాన్నే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో పుట్టించిన వెన్నెలకు రంగెందుకని. కానీ మా వీధి పిల్లలు నలుపు తెలుపుదైతే పది నిమిషాలు కూర్చోలేదు, రంగుల్లోది చివరిదాకా చూశారు. ఆ తర్వాత వాళ్లలో ఇద్దరు 1957దీ చూశారు. కాబట్టి రెండూ ఉండాలి, రెండు నంబర్లతో.

ఇంట్లో క్యాసెట్ నుంచి తీసిన మసక కాపీ ఫిల్ముకు సాటి రాదని నాకూ తెలుసు. వీహెచ్‌ఎస్‌లో బొమ్మకు 240 గీతల వివరం కూడా కష్టమే. దాని విలువ సాక్ష్యంగా. రేపు ఎవరైనా ఆ పౌరాణికాన్ని మళ్లీ బాగుచేయబూనితే, అక్కడ రెండు పద్యాలు ఉండేవని, ఏ షాటు తర్వాత ఏ షాటు వచ్చేదని చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. జ్ఞాపకం చాలదు, ఇందాక చెప్పిన కొట్లాటే అవుతుంది.

మా ఆయన అభ్యంతరం ఇంకొకటి. "నువ్వు సినిమా చూడ్డం మానేసి నిడివి చూస్తున్నావు." ఇందులో నిజం లేకపోలేదు. మూడు గంటల క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించడానికి మూడు గంటలూ నడవాల్సిందే, తొందరగా తిప్పే దారి లేదు. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు, బొమ్మను కంప్యూటర్లోకి పంపే క్యాప్చర్ కార్డుకు పెట్టి, వీసీఆర్ హెడ్డు తుడిచి, పక్కన కూర్చోవాలి. కొన్నిసార్లు నేను కూర్చున్నది బొమ్మ తెగుతుందేమోనని, కథ కోసం కాదు. అయినా అలా కూర్చున్నప్పుడే ఎప్పుడూ పట్టించుకోని రమణారెడ్డి చేతుల కదలిక చూసి ఒక్కదాన్నే పడీపడీ నవ్వుకున్నాను. మా ఆయనకది చెబితే ఒప్పుకోరు.

ఊరి గడి

రిజిస్టర్లో మొదట లేని గడి ఒకటి తర్వాత పుట్టింది. తీసిన ఊరు.

2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవం సినిమా చెట్టు పడిపోయినప్పుడు రెండు రోజులు వాట్సాప్ నిండా అదే చెట్టు. ఎన్ని సినిమాలో, ఎన్ని పాటలో అని అందరూ రాశారు. ఏ సినిమాలో, ఏ ఘట్టంలో, ఏ వైపు నుంచి అని అడిగితే మాత్రం పంపినవే తిరిగి పంపారు. కొన్ని ఫోటోల్లో ఉన్నది అసలు ఆ చెట్టే కాదు. అప్పటి నుంచీ గోదావరి కనబడితే ఆపి, నిమిషం రాసి, ఊరు తెలిస్తే ఊరు రాస్తున్నాను. 1967 సాక్షి పులిదిండిలో తీశారని తెలుసు కాబట్టి, ఆ సినిమా మాకు పులిదిండి రికార్డు కూడా. ఆ కాలపు ఇళ్లు, రేవు, బల్లకట్టు, కట్టుబట్టలు. వేషం వేసిన నటుల వెనక వేషం వేయని జనం నిలబడి ఉంటారు, నా చూపు వాళ్ల మీదే.

ఊరు తెలియకపోయినా కొన్నిసార్లు కాలం తెలుస్తుంది. రాజమండ్రి దగ్గర ఏటి మీద ఒక్క హేవలాక్ వంతెనే కనబడితే అది 1974 ముందుది, ఎందుకంటే రోడ్డూ రైలూ కలిసిన వంతెన ఆ ఏడాదే వాడుకలోకి వచ్చింది. విల్లుల్లాంటి కమానుల వంతెన కనబడితే 1990లదో ఆ తర్వాతదో. ఇలాంటి చోట్ల పైనా కిందా కోసిన కాపీ ఎంత నష్టమో అర్థమవుతుంది. వంతెన బొమ్మ అడుగున దూరంగా ఉంటుంది, కోతలో పోయేది అదే. అడ్డంగా తెర నిండితే ఏం లాభం, ఏరు పోయాక.

దాచడం గురించి పెద్దగా చెప్పను. మా గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉన్నాయి, టేపు మీద తెల్లటి బూజు వానాకాలం తర్వాత తప్పకుండా కనబడుతుంది. బూజు పట్టిన క్యాసెట్ వీసీఆర్‌లో పెడితే హెడ్డు పాడవడమే కాదు, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కూ బూజు అంటుకుంటుంది. నిలబెట్టి ఉంచండి, చివరిదాకా చుట్టి ఉంచండి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు పారేయకుండా అందులో వేయండి. ఇంట్లో రాసుకున్న డిస్కులను నమ్మొద్దు, వాటి రంగు వెలిసిపోతుంది, అచ్చు డిస్కులు ఎక్కువ కాలం ఉంటాయి. కొత్త వీసీఆర్‌లు 2016తో ఆగిపోయాయి, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఎక్కించిన ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి రాజమండ్రిలో మా అమ్మాయి దగ్గర, మూడో అంతస్తులో. 2022 జూలై వరదలప్పుడు లంకల్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూశాక ఆ మూడో అంతస్తు మీద నాకు గౌరవం పెరిగింది.

ఇలా ఎక్కించుకోవడం తప్పు కాదా అని అడిగినవాళ్లున్నారు. మన కాపీరైట్ చట్టంలో సినిమాకు 60 ఏళ్లు, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్క. 1957 మాయాబజార్ గడువు 2017తో తీరింది, 1964 మూగమనసులు గడువు 2024తో తీరింది. పాటల హక్కుల లెక్క వేరు, రంగులేసినవాటి సంగతి వేరు, అది లాయర్లు చూసుకుంటారు. నాకు కనబడేదేమంటే, ఏటా జనవరి ఒకటిన ఇంకో ఏడాది సినిమాలు బయటికి వస్తాయి. వచ్చీ రాగానే అందరూ ఎత్తేది చేతికందిన కాపీనే. అది రెండు డిస్కుల్లో ఇరికించిన కాపీ అయితే అదే వెయ్యి చోట్లకు వెళుతుంది, నిండుది ఎవరి బీరువాలోనో చీరల కింద ఉండిపోతుంది. కొన్నేళ్లకు ఆ కోసినదే సినిమా అనుకుంటారు.

కాబట్టి మీ ఇంట్లో దూరదర్శన్ నుంచో, పాత కేబుల్ నుంచో రికార్డు చేసిన క్యాసెట్లుంటే పాతసామాను వాడికి వేసే ముందు ఒక మాట చెప్పండి. క్యాసెట్ పంపనక్కర్లేదు. సర్టిఫికెట్ కనబడితే అందులో పొడవు, మొత్తం ఎన్ని నిమిషాలు నడిచింది, ఎక్కడైనా తెగిందా, ఈ మూడూ రాస్తే చాలు. ముఖ్యంగా జానపదాలు. పౌరాణికాలను భక్తితో దాచుకున్నారు, సాంఘికాలను పాటల కోసం దాచుకున్నారు, కత్తియుద్ధాల సినిమాలను మాత్రం ఎవరూ లెక్కచేయలేదు. మా రిజిస్టర్లో కాంతారావు సినిమాల ఎదుట "మొదటి రీలు లేదు", "క్లైమాక్స్ సగం" అన్న మాటలే ఎక్కువ. ఎవరి దగ్గరైనా నిండుగా ఉంటే చెప్పండి, రేవు దాటి నేనే వస్తాను.